పక్క సీటులో మేనేజర్

కిందటి సంచికలో మందుల కంపెనీ తరఫున డాక్టర్లను కలిసి మందుల గురించి చెప్పే ఒక మెడికల్ రెప్ రాసిన నాలుగు ముక్కల ఉత్తరానికి నేను రెండు ముక్కల్లో జవాబిచ్చి చేతులు దులుపుకున్నాను. "మేనేజర్ వెంట వచ్చే రోజుకు ముందు రాత్రి నిద్ర పట్టదు" అని ఆయన రాస్తే, "కొన్నాళ్లకు అలవాటవుతుంది" అని రాశాను. బుద్ధి తక్కువ జవాబు. పాఠకులు ఊరుకోలేదు. ఈసారి వచ్చిన ఉత్తరాల కట్టలో సగానికి పైగా ఆ ఒక్క విషయమే. అందుకే శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. నేను పదకొండేళ్లు శాంపిళ్ల సంచి మోసినవాణ్ణి, ఆ తరువాత తొమ్మిదేళ్లు సంచి మోసేవాళ్ల పక్కన నడిచినవాణ్ణి. రెండు వైపులా చేసిన తప్పులు గుర్తున్నాయి కాబట్టి సలహాల కంటే ఒప్పుకోళ్లే ఎక్కువ ఉంటాయి. ఓర్చుకోండి.

ప్రశ్న: ఆరేళ్లుగా రెప్‌గా పనిచేస్తున్నాను. నెలకు రెండు మూడు రోజులు మా ఏరియా మేనేజర్ నా వెంట డాక్టర్ల దగ్గరికి తిరిగే జాయింట్ వర్క్‌కు వస్తారు. ఆ రోజుల్లో నా నోరు నాది కాదు. డాక్టర్ గదిలో అడుగు పెట్టగానే ఆయనే పలకరిస్తారు, ఆయనే విజువల్ ఎయిడ్ (మందు వివరాల బొమ్మల పుస్తకం) తెరుస్తారు, ఆయనే ముగిస్తారు. శాంపిళ్లు అందించే చెయ్యి మాత్రమే నాది. బయటికి రాగానే "నువ్వేమీ మాట్లాడలేదేం?" అంటారు. ఇక కారులో సాయంత్రం దాకా తప్పుల జాబితా. కిందటి నెల ఒక్క రోజులో పద్నాలుగు తప్పులు చెప్పారు, లెక్కపెట్టాను. నిజం చెప్పాలంటే ఈ మధ్య నేనూ తెలివి నేర్చాను. ఆయన వచ్చే రోజు నాతో బాగా మాట్లాడే డాక్టర్ల దగ్గరికే తీసుకెళ్తున్నాను. అయినా సాయంత్రానికి తలనొప్పే. ఈ బాధ తప్పే దారి ఉందా?
— ఆరేళ్ల రెప్, పేరు వద్దు

జవాబు: పద్నాలుగు లెక్కపెట్టారంటే ఒక్కటీ వినలేదన్నమాట. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, ఎవరూ వినలేరు. మనిషి ఒక నెలలో మార్చుకోగలిగేది ఒక్క అలవాటు, గట్టివాడైతే రెండు. చెప్పే మేనేజర్‌కు కూడా ఈ సంగతి తెలుసు. మరి పద్నాలుగు ఎందుకు చెప్తాడు? ఆ రాత్రి ఆయన ఒక ఫారం నింపాలి. అందులో "గమనించిన లోపాలు" అని ఒక గడి, "ఇచ్చిన సూచనలు" అని మరొక గడి ఉంటాయి. ఖాళీగా వదిలితే ఆయన పైవాడు "రోజంతా ఏం చేశావు?" అంటాడు. మేనేజర్‌నైన మొదటి ఏడాది నేను కారులో కూర్చుని ఎత్తి చూపిన తప్పుల్లో సగం రెప్ బాగుపడాలని చెప్పినవి కావు, గడి నిండాలని చెప్పినవి. అది తెలిశాక మీ కోపం తగ్గకపోవచ్చు గాని, దానితో ఏం చేయాలో తెలుస్తుంది. సాయంత్రం విడిపోయే ముందు మీరే అడగండి: "సార్, వచ్చే నెల మీరు వచ్చేసరికి నేను మార్చుకుని చూపించాల్సింది ఒక్కటి ఏదో చెప్పండి. రిపోర్టులో కూడా అదే రాయండి." ఆయన గడి నిండుతుంది. మీకు పద్నాలుగు ఒకటవుతాయి. నేను రెప్‌గా ఉన్నప్పుడు ఈ మాట అడగడానికి నాకు ఏడేళ్లు పట్టింది. అడిగిన రోజు మా మేనేజర్ కాసేపు నా ముఖంలోకి చూసి, "డాక్టర్ మాట్లాడుతుంటే సంచి సర్దకు" అన్నాడు. అంతే. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది, మిగతావి ఒక్కటీ గుర్తు లేవు.

ఇక నోరు లాక్కోవడం. దీనికి నా కథ ఒకటి చెప్పాలి. అప్పటికి నేను మేనేజర్‌నై మూడు వారాలు. నాతో ఉన్న రెప్ నెమ్మదస్తుడు, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకునే రకం. వెళ్లింది పిల్లల డాక్టరమ్మ దగ్గరికి. పెద్దావిడ, మాట పొదుపు. అతను జ్వరానికి వాడే పారాసిటమాల్ సిరప్ గురించి మొదలుపెట్టి, సంచిలో ఏదో వెతుకుతూ ఆగాడు. ఆ నిశ్శబ్దం నన్ను కొరికేసింది. పట్టుమని పది సెకన్లు ఉంటుందేమో. నేను అందుకున్నాను. నాణ్యత, రుచి, పిల్లలు ఇష్టంగా తాగడం, అన్నీ ఏకరువు పెట్టాను. ఆవిడ పూర్తిగా విని, నా వైపు చూడకుండా అతని వైపు తిరిగి, "ఏమైంది బాబూ, పోయినసారి నేనడిగింది?" అన్నారు.

పోయినసారి ఆవిడ అడిగింది ఇది. ఆ సిరప్ రెండు బలాల్లో వస్తుంది. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది ఒకటి. సీసాలు చూడటానికి ఒకేలా ఉంటాయి. పిల్లలకు ఈ మందు బరువును బట్టి, ఒక్కో మోతాదుకు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. సీసా మారితే, తల్లి అదే కొలతతో పోస్తే, బిడ్డకు రెట్టింపు పడుతుంది. "రెండు లేబుళ్లకూ కంటికి కనపడే తేడా ఏమైనా ఉందా?" అని ఆవిడ అడిగారు. అతను ఆ రెండు సీసాలూ సంపాదించి, సంచిలో పెట్టుకుని వచ్చాడు. వెతుకుతున్నది వాటి కోసమే. నా ఉపన్యాసం అయ్యేసరికి మాకు దొరికిన మూడు నిమిషాల్లో రెండు పోయాయి.

డాక్టర్‌తో రెప్ మాట ప్రతిసారీ కొత్తగా మొదలవదు. అది నెలల తరబడి సాగే ధారావాహిక. మేనేజర్ ఏడో భాగంలో వచ్చి, మొదటి భాగం చదవడం మొదలుపెడతాడు. ఆయనకు కథ తెలియదు మరి. కాబట్టి తలుపు తట్టే ముందే చెప్పండి: "పోయినసారి ఈయన ఫలానాది అడిగారు, ఇవాళ నేను జవాబు చెప్పాలి." బాకీ ఉన్న జవాబు ఒకటుందని తెలిస్తే ఎంత వాచాలుడైనా కాస్త ఆగుతాడు. ఇంకో ప్రశ్న పొద్దున్నే అడగాలి, మర్యాదగానే: "సార్, ఇవాళ నేను మాట్లాడితే మీరు చూస్తారా, లేక కొన్ని చోట్ల మీరు మాట్లాడితే నేను చూసి నేర్చుకోనా?" చూడటానికి రావడం ఒక పని, నేర్పడానికి రావడం ఒక పని, అమ్మడానికి రావడం మరో పని. మూడూ మంచివే. ఒకే గదిలో మూడూ చేయబోయినప్పుడే రోజు పాడవుతుంది.

అయినా మధ్యలో దూరాడనుకోండి, డాక్టర్ ఎదుట పోటీ పడకండి. బయటికి వచ్చి, కారు చేరకముందే చెప్పండి: "సార్, ఆయనకు చెప్పాల్సిన జవాబు ఉండిపోయింది, మళ్లీ ఒకసారి రావాలి." అది ఫిర్యాదు కాదు, ఖర్చు. మేనేజర్లకు నీతి కంటే ఖర్చు తొందరగా అర్థమవుతుంది. ఈ మాట అనుభవంతోనే అంటున్నాను.

మంచి డాక్టర్ల దగ్గరికే తీసుకెళ్లడం మాత్రం మీ తప్పు. ఆయన రోజంతా నవ్వు ముఖాలు చూసి, "ఇక్కడ అంతా సులువుగానే ఉంది" అనుకుని వెళ్తాడు. వచ్చే మూడు నెలల టార్గెట్ ఎందుకు పెరిగిందో తెలియక మీరు మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు. అయిదుగురిలో ఇద్దరు మొండివాళ్లను పెట్టండి, ఎన్నిసార్లు వెళ్లినా మీ మందు రాయనివాళ్లను. కొత్త మందును మొట్టమొదటిసారి ఆయన ఎదుట ఎత్తుకోవడం మాత్రం వద్దు. దీనికి ఒక కారణం ఉంది. 1965లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సంగతి తేల్చి చెప్పాడు. పక్కన ఎవరైనా ఉంటే బాగా వచ్చిన పని ఇంకా బాగా చేస్తాం, సరిగ్గా రాని పని ఇంకా చెడగొడతాం అని. 1969లో ఆయన, ఆయన సహచరులు దీన్ని బొద్దింకల మీద కూడా పరీక్షించారు. తోటి బొద్దింకలు చూస్తుంటే తిన్నని దారిలో బొద్దింక వేగంగా పరిగెత్తింది. మలుపు తిరగాల్సిన దారిలో మాత్రం ఒంటరిగా ఉన్నప్పటి కంటే ఎక్కువ సేపు తీసుకుంది. మనల్ని బొద్దింకలతో పోల్చినందుకు క్షమించాలి. అయితే కొత్త మందు ఎత్తుకున్న రోజు పక్కన మేనేజర్ నిలబడితే ఎలా ఉంటుందో ఇంతకంటే బాగా చెప్పిన పోలిక నాకు దొరకలేదు.

ప్రశ్న: మా మేనేజర్ చెప్పకుండా వస్తారు. ఆసుపత్రి ఎదురుగా నిలబడి, నేను వచ్చానో లేదో చూసి, ఫోను చేసి "ఎక్కడున్నావు?" అని అడుగుతారు. ఇప్పటికే ఫోనులోని యాప్ నేను ఎక్కడున్నానో నిమిషం నిమిషం చెప్తూనే ఉంది. దొంగను పట్టుకున్నట్టు ఈ మాటువేయడం ఎందుకు?
— మూడేళ్ల అనుభవం

జవాబు: ఎందుకంటే దొంగలు ఉన్నారు కాబట్టి. కోప్పడకండి, అందులో నేనూ ఒకణ్ణి. రెప్‌గా నాలుగో ఏట, రోజుకు ఇన్ని కాల్స్, అంటే డాక్టర్లను కలవడాలు, ఉండి తీరాలని పైవాళ్లు పట్టుబట్టినప్పుడు, కలవని డాక్టర్లను కలిసినట్టు రిపోర్టులో రాశాను. ఒకసారి సెలవులో ఉన్న డాక్టర్‌ను కూడా కలిసేశాను, అంతటి సమర్థుణ్ణి. దొరికిపోయాను. అందుకని ఆకస్మిక తనిఖీ అసలే ఉండకూడదని నేను అనను.

కాని అది హాజరు పట్టీ పని. రెప్ వచ్చాడా లేదా అన్నది తెలుస్తుంది, వచ్చి ఏం చేశాడన్నది తెలియదు. హాజరుకు యాప్ ఉన్నప్పుడు దానికోసం ఒక మనిషి ఎండలో నిలబడటం దండగ. ఫోను వచ్చినప్పుడు గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కంగారుపడకండి. "ఫలానా డాక్టర్ గది బయట ఉన్నాను సార్, నా ముందు ఇంకా ఇద్దరున్నారు, మీరూ లోపలికి రండి" అనండి. నాలుగుసార్లు పిలిస్తే ఒకసారైనా వస్తారు. వచ్చి, గంటన్నర నిరీక్షించి, రెండు నిమిషాలు మాట్లాడి బయటపడితే, రోజుకు అన్ని కాల్స్ ఎందుకు కావడం లేదో ఆయన కాళ్లకే తెలుస్తుంది. ఒకవేళ కలవని కాల్స్ రాసే అలవాటు మీకూ ఉంటే, ఈ నెలతో ఆపేయండి. ఎన్ని తక్కువైతే అన్ని తక్కువ రాయండి. అబద్ధపు రిపోర్టు చేతిలో పెట్టుకుని మేనేజర్ తీరు మీద ఫిర్యాదు చేయలేరు.

ప్రశ్న: మీ శీర్షికలో అందరూ మేనేజర్లనే తిడుతున్నారు. మా గోడు కూడా వినండి. నా కింద తొమ్మిది మంది రెప్‌లు. నెలలో సగానికి పైగా రోజులు ఎవరో ఒకరి వెంట తిరగాలి. నేను వెళ్లేసరికి రెప్ ముఖం వేలాడేసుకుని ఉంటాడు. ఏం చెప్పినా "సరే సార్". డాక్టర్లు నన్ను చూసి గడియారం చూస్తారు. రాత్రి ఏడింటికి మా రీజనల్ మేనేజర్ ఫోను చేసి "ఇవాళ ఎన్ని కొత్త ప్రిస్క్రిప్షన్లు?" అంటారు. అటు ఆయన, ఇటు వీళ్లు, మధ్యలో నేను రోట్లో తల. నన్నేం చేయమంటారు?
— ఒక ఏరియా మేనేజర్

జవాబు: అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నట్టు, మీరు లేని రోజు మీ రెప్ మంచివాడే, వాళ్లు లేని రోజు మీరూ మంచివారే. మీ ఉత్తరంలో ఒక మాట నాకు నచ్చింది, "డాక్టర్లు నన్ను చూసి గడియారం చూస్తారు" అన్నది. చాలామంది మేనేజర్లు అది గమనించరు.

మేనేజర్‌గా రెండో ఏడు ముగిసినప్పుడు నేను నా నోటు పుస్తకం మొదటి నుంచీ చదివాను. అందులో ఉన్నవన్నీ రెప్‌ల తప్పులే. గొంతు తగ్గించాలి, పేజీ తొందరగా తిప్పాడు, బూట్లకు పాలిష్ లేదు. ఏడాది పొడుగునా వందల మంది డాక్టర్లను కలిశానుగా, వాళ్లలో ఒక్కరు అన్న మాట ఒక్కటి కూడా రాసుకోలేదు. సిగ్గేసింది. మర్నాటి నుంచి పేజీని నిలువునా గీత గీసి రెండు చేశాను. ఎడమ వైపు డాక్టర్ ఏమన్నాడో రాసుకునేవాణ్ణి. కుడి వైపు ఖాళీ.

మూడు వారాల్లో ఎడమ వైపు ఒకే మాట నలుగురు డాక్టర్ల నోట వచ్చింది: "మీ మందు రాస్తాను సరే, దుకాణానికి వెళ్తే లేదంటున్నారట." మా రెప్‌లు ఈ మాట ఎన్నాళ్లుగానో వింటున్నారు. చెప్పి చెప్పి మానేశారు, ఎందుకంటే చెప్పిన ప్రతిసారీ నేను "సాకులు వద్దు" అన్నాను. దుకాణాలకు మందులు సరఫరా చేసే స్టాకిస్ట్ దగ్గర సరుకు ఆగిపోయింది, దాన్ని కదిలించే అధికారం రెప్‌కు లేదు, నాకుంది. రెండు ఫోన్లతో తేలిపోయింది. రెప్‌లకు మాట తీరు నేర్పుతూ ఆరునెలలు సాము చేసిన నేను, నా చేతిలోని పని వదిలేశాను. అప్పటి నుంచి ఖాళీగా ఉన్న కుడి వైపు నా పనులు రాసుకోవడం మొదలుపెట్టాను. కరపత్రంలో అక్షరాలు చదవలేకపోతున్నామని ఒక పెద్దాయన అన్నది, సైడ్ ఎఫెక్ట్ గురించి అడిగిన ప్రశ్నకు మెడికల్ విభాగం నుంచి రెండు నెలలుగా జవాబు రాలేదని ఒకరన్నది, అలాంటివి. సాయంత్రం రెప్‌కు తప్పుల జాబితా చదవడానికి బదులు, "ఇవి నేను చూసుకుంటాను, వచ్చే నెల అడుగు" అనేవాణ్ణి. అడిగేవాళ్లు కూడా, నిర్మొహమాటంగా.

"సరే సార్" పోవాలంటే వేరే మందు లేదు. ఒకసారి మీరు తీర్చిన పని వాళ్లు చూడాలి. రెండోసారి నోరు విప్పుతారు, మూడోసారి మిమ్మల్ని కోప్పడతారు. కోప్పడిన రోజు సంతోషించండి.

ఏడింటి ఫోను సంగతి నా చేతిలో లేదు. నేనైతే అంకెతో పాటు ఎడమ వైపు పేజీలోంచి ఒక వాక్యం చదివి వినిపించేవాణ్ణి. మొదటి నెల ఆయన విసుక్కున్నాడు. తరువాత కొన్నాళ్లకు తనే "ఇంకేమన్నారు?" అని అడగడం మొదలుపెట్టాడు. అందరు రీజనల్ మేనేజర్లూ అలా మారతారని హామీ ఇవ్వలేను.

ప్రశ్న: మధుమేహానికి వాడే మందులు చూస్తాను. మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర గురించి చెబుతుంటే డాక్టర్ గారు, "ఈజీఎఫ్ఆర్ 35 ఉన్న పేషెంట్‌కు మొదలుపెట్టవచ్చా?" అని అడిగారు. ఈజీఎఫ్ఆర్ అంటే మూత్రపిండాలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న మేనేజర్ "కిడ్నీకి ఏమీ కాదు సార్, ధైర్యంగా రాయండి" అన్నారు. అది తప్పని నాకు తెలుసు. డాక్టర్ నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆ రాత్రి నుంచి మనసు మనసులో లేదు. మేనేజర్‌ను కాదంటే ఉద్యోగం, కాదనకపోతే మనస్సాక్షి.
— తల దించుకున్న రెప్

జవాబు: ఈ కట్టలో నన్ను ఎక్కువ సేపు కూర్చోబెట్టిన ఉత్తరం మీదే. మిగతావన్నీ మర్యాదకు, మానానికి సంబంధించినవి. ఇది రోగికి సంబంధించినది. ఇక్కడ హోదాల లెక్క లేదు.

మీకు తెలిసింది సరైనదే. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువ ఉంటే మెట్‌ఫార్మిన్ వాడకూడదు. 30 నుంచి 45 మధ్య ఉన్నవారికి కొత్తగా మొదలుపెట్టడం మంచిది కాదని 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లేబుల్ సవరించినప్పుడు స్పష్టంగా చెప్పింది. మూత్రపిండాలు సరిగ్గా వడపోయకపోతే మందు ఒంట్లో పేరుకుని, అరుదుగానే అయినా ప్రాణం మీదికి తెచ్చే, రక్తంలో ఆమ్లం పేరుకునే లాక్టిక్ ఆసిడోసిస్‌కు దారి తీస్తుందనేది భయం. డాక్టర్‌కు ఇదంతా తెలిసే ఉంటుంది. ఆ మాత్ర సంగతి ప్రత్యేకంగా ఏమైనా ఉందేమోనని అడిగి ఉంటారు. అయినా తెలుసులే అని ఊరుకునే విషయం కాదు.

ఈ జవాబు చదివిన వెంటనే, ఇంకా వెళ్లి ఉండకపోతే, మందుతో వచ్చే ముద్రిత సమాచార పత్రం పట్టుకుని ఆ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మేనేజర్ తప్పు చెప్పారని అనక్కర్లేదు. "ఆరోజు మీరడిగినదానికి మేము చెప్పిన జవాబు సరికాదు సార్, సరైనది ఇందులో ఉంది" అని ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించండి. "మేము" అనండి. ఆ ఒక్క మాటతో మేనేజర్ పరువూ నిలుస్తుంది, మీ మాట మీద డాక్టర్‌కు నమ్మకమూ పెరుగుతుంది. వెళ్లే ముందు మేనేజర్‌కు ఒక సందేశం పంపండి: సరిదిద్దడానికి వెళ్తున్నాను, పత్రంలో ఇలా ఉంది అని. అనుమతి అడగకండి, తెలియజేయండి. ఆ సందేశం దాచుకోండి.

ఆయన కోప్పడితే? ఒక సంగతి గుర్తుంచుకోండి. మందుల ప్రచారానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1988లో నైతిక ప్రమాణాలు ప్రకటించింది. రెప్‌లు చెప్పే మాటలకు, చేసే పనులకు బాధ్యత వాళ్లను నియమించిన సంస్థదే అని అందులో ఉంది. రెప్‌ల జీతంలో ప్రధాన భాగం వాళ్లు అమ్మిన సరుకుతో నేరుగా ముడిపడకూడదని కూడా ఉంది. ఆ రెండో మాట చదివినప్పుడల్లా నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. మందుల కంపెనీల అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌పీఎంఏకు కూడా 1981 నుంచి సొంత నియమావళి ఉంది. పెద్ద కంపెనీల్లో ఇలాంటివి చూసే విభాగం వేరే ఉంటుంది. తప్పుడు సమాచారం సరిదిద్దిన రెప్‌ను శిక్షించామని కాగితం మీద రాయడానికి ఏ సంస్థా ఇష్టపడదు. అందుకే ఏది జరిగినా కాగితం మీదికి తెండి, తేదీతో సహా. ఇక తల దించుకోవడం గురించి. నేనూ దించుకున్నాను ఒకసారి, ఇంకో మందు విషయంలో. తిరిగి వెళ్లి చెప్పలేదు. పదిహేడేళ్లయింది. మీరు వెళ్లండి.

ప్రశ్న: రెప్‌నే, మహిళను. రోజంతా జాయింట్ వర్క్ అయ్యాక మేనేజర్ "సమీక్ష" పేరుతో రాత్రి తొమ్మిదింటికి తాను దిగిన హోటల్‌కు రమ్మంటున్నారు. రానంటే "టీమ్ స్పిరిట్ లేదు" అని రిపోర్టులో రాశారు.
— పేరు, వివరాలు వద్దు

జవాబు: వెళ్లకండి. ఇందులో మొహమాటానికి చోటు లేదు. "చివరి డాక్టర్ అయ్యాక అక్కడే పది నిమిషాల్లో మాట్లాడదాం సార్, లేదా రేపు ఉదయం ఫోనులో" అని లిఖితపూర్వకంగా పంపండి. మంచి ఉద్దేశమే అయితే ఆయనకు అభ్యంతరం ఉండదు. మళ్లీ రమ్మంటే ఆ సందేశం, రిపోర్టులో ఆయన రాసిన మాట, తేదీలు కలిపి మానవ వనరుల విభాగానికి ఇవ్వండి. మీ తోటి మహిళా రెప్‌లను కూడా అడగండి. ఇలాంటి మనిషి ఒక్కరినే పిలిచి ఊరుకోవడం నేను చూడలేదు. ఈ ఉత్తరం చదువుతున్న మేనేజర్లకు ఒక మాట: ఆరు గంటలు పక్కనే కూర్చుని చెప్పలేని సమీక్ష రాత్రి తొమ్మిదింటికి ఏముంటుంది?

ప్రశ్న: నేను డాక్టర్‌ను. రెప్ ఒక్కడే వస్తే రెండు నిమిషాల్లో పని చూసుకుని వెళ్తాడు. మేనేజర్‌తో వస్తే అయిదు నిమిషాలు, ఆయన పై అధికారి కూడా తోడైతే పది. ముగ్గురు నిలబడితే నా గదిలో పేషెంట్‌కు చోటుండదు. ఆ రోజు రెప్ గొంతు కూడా మారిపోతుంది, పాఠం అప్పజెప్పినట్టు. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక జనరల్ ఫిజీషియన్

జవాబు: మీరు ఉత్తరం రాసినందుకే సగం పని అయింది. మిగతా సగం మీ నోట్లో ఉంది. ముగ్గురు వస్తే, "ఒక్కరు ఉండండి, ఇద్దరు బయట కూర్చోండి" అనండి. ఎవరు ఉండాలో కూడా మీరే చెప్పండి, రెప్ పేరు పెట్టి. వాళ్లేమీ అనుకోరు. అనుకున్నా మీకు వచ్చే నష్టం లేదు. మీ గదిలో పేరు పెట్టి పిలిపించుకున్న రెప్‌కు ఆ సాయంత్రం కారులో ఎంత గౌరవం దొరుకుతుందో మీరు ఊహించలేరు. ఇంకొకటి: ఏదైనా నచ్చకపోతే మేనేజర్ ఉన్న రోజునే చెప్పండి, రెప్ ఒంటరిగా వచ్చిన రోజు కాదు. మందు దొరకడం లేదన్నా, శాంపిళ్ల గడువు దగ్గర పడిందన్నా, అతను చేయగలిగింది ఏమీ లేదు, పక్కవాడు చేయగలడు.

ప్రశ్న: వచ్చే నెల నుంచి నేనే మేనేజర్‌ను. నిన్నటిదాకా నాతో తిరిగినవాళ్ల వెంటే వెళ్లాలి. ఒక్క మాట చెప్పండి.
— కొత్తగా పదోన్నతి పొందినవాడు

జవాబు: అభినందనలు. మీ సంచి మీరే మోసుకోండి. డాక్టర్ గదిలో వెనక కుర్చీ మీది, అది లేకపోతే గోడ. బయటికి వచ్చాక నోరు విప్పకండి, ముందు అతన్ని మాట్లాడనివ్వండి. ఏం జరిగిందో అతనికే మీకంటే ముందు తెలిసి ఉంటుంది. మౌనం మొదట్లో చాలా కష్టం. నేను తొమ్మిదేళ్లు సాధన చేశాను. పార్కింగ్ స్థలం దాకా ఏమీ అనకుండా నడవగలిగింది, నాకు తెలిసి, పట్టుమని ఇరవై సార్లు ఉండదు.